పాఠాలు చెప్పిన సంగీతకారుడు



పాటల పుస్తకంలో కీర్తన రాసినవారి పేరుంటుంది. కొన్నిటికి రాగం కట్టినవారి పేరూ ఉంటుంది. పాడడం నేర్పిన ఉపాధ్యాయుని పేరు మాత్రం ఎక్కడా కనబడదు. అందుకే ఈ నెల ఇంగ్లండుకు చెందిన విలియం స్టెర్న్‌డేల్ బెన్నెట్ గురించి రాస్తున్నాము. ఆయన సంగీతం రచించారు, పియానో వాయించారు. అయితే జీవితంలో ఎక్కువ భాగం పాఠాలు చెప్పడంలోనే గడిచిపోయింది.

ఆయన 1816 ఏప్రిల్ 13న షెఫీల్డు పట్టణంలో జన్మించారు. తండ్రి అక్కడి దేవాలయంలో ఆర్గను వాయించేవారు. మూడేళ్లు నిండేసరికే తల్లి, తండ్రి ఇద్దరూ గతించగా కేంబ్రిడ్జిలోని తాతగారు చేరదీశారు. ఆ తాతగారూ గాయకబృందంలో పాడేవారే. ఏడేళ్లకు పిల్లవాడు కింగ్స్ కాలేజీ చాపెల్ బృందంలో చేరాడు. పదేళ్లకు, అంటే 1826లో, లండనులోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అతనిని జీతం కట్టించుకోకుండా చేర్చుకుంది.

పదహారేళ్లకు పియానోకు, వాద్యబృందానికి కలిపి ఒక పెద్ద రచన చేశాడు. 1833లో దానిని విన్న జర్మను సంగీతకారుడు మెండెల్సన్ తమ దేశానికి రమ్మన్నారు. శిష్యుడిగా రావచ్చునా అని కుర్రవాడు అడిగితే, కాదు, స్నేహితుడిగా రమ్మన్నారట! 1836లో బెన్నెట్ లైప్‌జిగ్ నగరానికి వెళ్లారు. అక్కడ షూమన్ అనే మరో గొప్ప రచయిత తన పియానో రచన ఒకటి ఆయనకు అంకితమిచ్చారు. ఇరవై ఏళ్ల యువకునికి ఇంతకంటే ఏం కావాలి?

కాని స్వదేశంలో సంగీతం రాసి ఇల్లు గడుపుకోవడం కష్టం. 1837 నుండి అకాడమీలో బోధకుడయ్యారు. 1844లో వివాహమైంది, పిల్లలు కలిగారు. ఇళ్లలో చెప్పే పాఠాలు, బడులలో చెప్పే పాఠాలు పెరిగాయి. స్త్రీవిద్య కోసం 1848లో లండనులో క్వీన్స్ కాలేజీ ప్రారంభమైనప్పుడు అక్కడా బోధించారు. చేతిలోని కలం నెమ్మదించింది. పియానో, వాద్యబృందాల రచనలలో పేరుపొందినవి దాదాపు అన్నీ 1832, 1838 మధ్య రాసినవే.

1853లో లైప్‌జిగ్ నుండి పిలుపు వచ్చింది. ఐరోపాలో పేరుమోసిన గేవాండ్‌హౌస్ వాద్యబృందాన్ని నడిపించమన్నారు. ఆయనకు వెళ్లాలనే ఉంది. అయితే ఉత్తరం ఆలస్యంగా అందింది. తన విద్యార్థులకు మరో గురువును చూసే వ్యవధి లేదు. కాబట్టి వెళ్లలేదు. ఇది ఘనమైన త్యాగమని మేము అనబోము. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేశారు, అంతే. దానివలన సంగీతానికి కలిగిన నష్టం నిజమైనదే. రావలసిన రచనలు ఎన్నో రాలేదు. “వృధా అయిన తలాంతు” అనేవారితో మాత్రం మేము ఏకీభవించము. ఎందుకో చెప్తాము.

మత్తయి సువార్తలోని ప్రభువు శ్రమలకు బాఖ్ కట్టిన మహా సంగీతాన్ని ఇంగ్లండులో అప్పటికి ఎవరూ వినిపించలేదు. బాఖ్ 1750లోనే చనిపోయారు. బెన్నెట్ 1849లో బాఖ్ సొసైటీ స్థాపించి, హెలెన్ జాన్‌స్టన్ అనే ఆమె చేత మాటలు ఇంగ్లీషులోకి రాయించి, గాయకులకు ఓపికగా నేర్పించారు. 1854 ఏప్రిల్ 6న, శ్రమ దినములలో, లండనులో దానిని తానే నడిపించి వినిపించారు. మొదలుపెట్టి దాదాపు అయిదేళ్లు! క్రిస్మసు పాటలకు రెండు వారాల సాధన ఎక్కువనుకునే మన గాయకబృందాలకు ఈ లెక్క వినిపించాలనిపిస్తుంది.

1856లో కేంబ్రిడ్జిలో సంగీతాచార్యుడయ్యారు. 1863లో వచ్చిన ‘కొరాల్ బుక్ ఫర్ ఇంగ్లండ్’ను కూడా చెప్పుకోవాలి. క్యాథరిన్ వింక్‌వర్త్ జర్మను కీర్తనలను ఇంగ్లీషు చేయగా, వాటి రాగాలను బెన్నెట్, ఆటో గోల్డ్‌ష్మిట్ కలిసి సిద్ధపరచారు. ‘ఆన్‌వర్డ్ క్రిస్టియన్ సోల్జర్స్’కు 1871లో ప్రసిద్ధ రాగం కట్టిన ఆర్థర్ సల్లివన్ ఈయన శిష్యుడే.

1866లో ఆయన తాను చదివిన అకాడమీకే ప్రిన్సిపాలయ్యారు. రెండేళ్లలో ప్రభుత్వ సహాయం ఆగిపోయింది. అకాడమీ మూసేద్దామని డైరెక్టర్లు తీర్మానించారు. బెన్నెట్ ఒప్పుకోలేదు. తోటి ఉపాధ్యాయులను కూడగట్టుకుని, కమిటీ అధ్యక్షతను తానే స్వీకరించి నడిపించారు. తరువాత సహాయం మళ్లీ వచ్చింది. ఆ అకాడమీ లండనులో నేటికీ నడుస్తోంది.

1871లో సర్ బిరుదు లభించింది. 1875 ఫిబ్రవరి 1న మరణించగా వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు.

ఇంత పనిలోనూ 1867లో ‘సమరయ స్త్రీ’ అనే గానరూపకాన్ని బర్మింగ్‌హాము ఉత్సవానికి అందించారు. వేషాలు, రంగస్థలం ఉండవు. యోహాను సువార్త 4వ అధ్యాయంలోని బావి దగ్గరి సంభాషణే పాటలుగా సాగుతుంది. నిజమైన ఆరాధనను గూర్చి ప్రభువు చెప్పిన మాటకు అందులో నాలుగు గొంతులతో పాడే చిన్న భాగం ఉంది. దానికి వాద్యాలు అక్కరలేదు. మీ సంఘంలో స్వరలిపి చదవగల యువతీ యువకులు నలుగురుంటే, హార్మోనియం పక్కన పెట్టి ప్రయత్నించవచ్చు.