పట్టా చేతికొచ్చాక

1899 డిసెంబరులో చికాగో హాల్‌స్టెడ్ వీధిలోని హల్ హౌస్‌లో ఒక నాటకం ఆడారు. కథ ఒడిస్సియస్ తిరిగి ఇల్లు చేరడం, భాష ప్రాచీన గ్రీకు. వేషాలు కట్టినవాళ్లు ఆ పేటలో కొత్తగా దిగిన గ్రీకులు. చికాగోకు వచ్చిన తొలితరం గ్రీకుల్లో చాలామంది వీధుల్లో పళ్లమ్ముకుని బతికినవాళ్లే. 1903లో అదే హల్ హౌస్‌లో సోఫోక్లిస్ ‘అజాక్స్’ కూడా గ్రీకులే ఆడారు. ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో హల్ హౌస్‌ను స్థాపించిన జేన్ ఆడమ్స్ ఈ సంగతిని తన జ్ఞాపకాల్లో రాశారు. గ్రీసు ఘనత తెలియని అమెరికన్లకు దాన్ని కళ్లకు కట్టి చూపిస్తున్నామని ఆ గ్రీకులు పొంగిపోయారట.

చికాగో నాటక చరిత్రలో ఇది ఒంటరి ముచ్చట కాదు. ఈ ఊళ్లో రంగస్థలాన్ని పెంచినవాళ్లలో వలస వచ్చినవాళ్లు, కాలేజీ చదువు అప్పుడే ముగించినవాళ్లు ముందు వరసలో ఉంటారు. వయోలా స్పోలిన్ సంగతే చూడండి. హల్ హౌస్‌లో నీవా బాయిడ్ దగ్గర శిక్షణ పొందిన ఆమె, ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వ పథకం కింద చికాగో పేటల్లో పిల్లలకూ పెద్దలకూ నాటకం నేర్పారు. ఆ పేటల్లో ఎన్నో దేశాల నుంచి వచ్చిన కుటుంబాలుండేవి, ఒకరి భాష, అలవాట్లు ఒకరికి కొత్త. అందుకని సంభాషణలు బట్టీ పట్టించడం కాకుండా ఆటలతో నేర్పే పద్ధతి తయారుచేశారు. ఆమె కొడుకు పాల్ సిల్స్ చికాగో యూనివర్సిటీలో చదువుకుని, 1955లో డేవిడ్ షెపర్డ్‌తో కలిసి క్యాంపస్‌కు దగ్గర్లోనే ఒక బార్‌లో కంపాస్ ప్లేయర్స్ మొదలుపెట్టాడు. స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు కల్పించి ఆడడమే వాళ్ల పద్ధతి. 1959 డిసెంబరులో తెరుచుకున్న సెకండ్ సిటీ దానికి కొనసాగింపు. వలస పిల్లల బెరుకు పోగొట్టడానికి పుట్టిన ఆటలు అలా అమెరికా హాస్యానికి ఒక పునాది అయ్యాయి.

ఇక పట్టభద్రులు. 1970లలో ఇలినాయ్ స్టేట్ యూనివర్సిటీలో చదివిన కొందరు కుర్రాళ్లు హైలాండ్ పార్క్‌లో ఒక చర్చి బడి నేలమాళిగలో 88 కుర్చీలు వేసి నాటకాలు ఆడారు. అదే స్టెపెన్‌వుల్ఫ్. 1988లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చిన మిత్రబృందం పెట్టింది లుకింగ్‌గ్లాస్. ప్రాంతీయ నాటకశాలలకిచ్చే టోనీ పురస్కారం 1985లో స్టెపెన్‌వుల్ఫ్‌కు, 2011లో లుకింగ్‌గ్లాస్‌కు వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న చికాగో సంస్థలు ఇవి రెండే కాదు. గుడ్‌మన్, విక్టరీ గార్డెన్స్, చికాగో షేక్‌స్పియర్, కోర్ట్ థియేటర్ కూడా ఉన్నాయి. ఒకే నగరానికి ఆరు!

ఇంత నాటకం ఉన్న ఊళ్లో మన తెలుగు పిల్లలు ఏళ్ల తరబడి ఉంటారు. ఎమ్మెస్ కోసం వస్తారు, పట్టా అందుకుంటారు, ఓపీటీ మీద ఉద్యోగంలో చేరతారు, తర్వాత నేపర్‌విల్లోనో అరోరాలోనో ఇల్లు కొంటారు. దిగిన మొదటి వారంలోనే సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, క్రెడిట్ స్కోరు గురించి సీనియర్లు విసుక్కోకుండా చెబుతారు. ఏ గుడికి ఎలా వెళ్లాలో, ఏ కొట్లో గోంగూర దొరుకుతుందో కూడా చెబుతారు. ఫలానా చోట మంచి నాటకం ఆడుతున్నారు, వెళ్లి చూడు అని చెప్పేవాళ్లు మాత్రం అరుదు. దీనికి ఆ పిల్లల్ని తప్పు పట్టలేం. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ తీసుకున్న రోజు నుంచీ సాహిత్యం, చరిత్ర, నాటకం తమవి కావన్నట్టు పెరిగిన తరం ఇది. వీసా గడువులు, లేఆఫ్‌ల భయం దానికి తోడయ్యాయి. అయినా ఈ పరిస్థితి మారాలి. మార్చడం ఒక తెలుగు సంఘానికి చేతనయ్యే పనే.

ఎందుకంటే మన ఆధునిక నాటకాన్ని నిలబెట్టింది కూడా చదువుకుని ఉద్యోగాలు చేసుకున్నవాళ్లే. బళ్లారిలో ధర్మవరం కృష్ణమాచార్యులు వకీలు. బళ్లారి రాఘవ కూడా వకీలే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగస్థలమెక్కేవాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు మహారాజా కళాశాల పట్టభద్రుడు, అక్కడే అధ్యాపకుడు. నాటకోద్యమంలో పేరు మోసిన అబ్బూరి రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారి. తర్వాతి తరంలో అదే ‘కన్యాశుల్కం’ను తమ్ముడు రమణమూర్తితో కలిసి ఊరూరా ఆడిన జె.వి.సోమయాజులు డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. నాటకం చూడడానికీ ఆడడానికీ తీరిక లేదని వీళ్లెవరూ అనుకోలేదు. షాంబర్గ్‌లో కోడ్ రాసే అమ్మాయి, డౌన్‌టౌన్‌లో బ్యాంకు లెక్కలు చూసే అబ్బాయి ఈ వరసలో వాళ్లే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే హైడ్ పార్క్ పేరు ముందు చెప్పాలి. అక్కడి చికాగో యూనివర్సిటీ ఆవరణలో 1955లో వేసవి సాయంత్రాలు ఆరుబయట మోలియేర్ హాస్యనాటకాలతో మొదలైంది కోర్ట్ థియేటర్. 1981లో సొంత భవనం వచ్చింది. సుమారు 250 కుర్చీల హాలు కాబట్టి ఎక్కడ కూర్చున్నా నటుడి ముఖంలో మార్పు కనిపిస్తుంది. గ్రీకు విషాదాంతాల నుంచి అమెరికన్ నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్ దాకా ప్రసిద్ధ నాటకాలను కొత్తగా చూపడం వాళ్ల పద్ధతి, టోనీ వచ్చింది 2022లో. ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివే తెలుగు విద్యార్థులకు ఇది పక్క పేటే.

చికాగో యూనివర్సిటీ క్యాంపస్‌కు తెలుగుతో ఉన్న సంబంధం మన వాళ్లలో కొద్దిమందికే తెలుసు. 1960ల తొలి సంవత్సరాల నుంచి 1993లో కన్నుమూసేదాకా అక్కడ పనిచేసిన ఎ.కె.రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి క్షేత్రయ్య తదితరుల పదాలను ఇంగ్లిషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1994లో వెలువడింది. పీఎల్-480 పథకం కింద భారతీయ భాషల పుస్తకాలు అమెరికా చేరిన రోజుల్లో వాటిని అందుకున్న గ్రంథాలయాల్లో చికాగో యూనివర్సిటీదీ ఒకటి. ప్రపంచంలో ఏ మూల నుంచైనా తెలుగువాళ్లు ఇంటర్నెట్‌లో తెరిచి చూసే బ్రౌన్ నిఘంటువు, గ్విన్ నిఘంటువు ఆ యూనివర్సిటీ డిజిటల్ దక్షిణాసియా గ్రంథాలయంలోవే. అంటే ఆ గేటు లోపలికి అడుగుపెట్టే తెలుగు పట్టభద్రుడు అక్కడ పరాయివాడు కాడు.

సాహిత్యం, చరిత్ర, నాటకం లాంటి మానవీయ శాస్త్రాలు ప్రొఫెసర్లకే పరిమితమన్న అభిప్రాయాన్ని ఈ నగరం చాలాకాలంగా కాదంటోంది. 1990 నవంబరులో ఒక్క రోజు కార్యక్రమంగా, ఆర్థర్ మిల్లర్ ప్రసంగంతో మొదలైన చికాగో హ్యుమానిటీస్ ఫెస్టివల్ ఇప్పుడు ఎన్నో రోజుల పండుగ. రచయితలు, చరిత్రకారులు, శాస్త్రవేత్తలు మామూలు జనంతో మాట్లాడతారు. చికాగో యూనివర్సిటీ అక్టోబరులో జరిపే హ్యుమానిటీస్ డే నాడు అధ్యాపకులు తమ పరిశోధనను ఊరివాళ్లకు వివరిస్తారు. అదే యూనివర్సిటీలో 1946 నుంచి పెద్దల కోసం నడుస్తున్న బేసిక్ ప్రోగ్రామ్‌లో పరీక్షలు లేవు, మార్కులు లేవు. ప్లేటోనో షేక్‌స్పియర్‌నో చదివి పదిమంది గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడమే చదువు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లు ఒక్కసారైనా రుచి చూడాల్సిన చదువు ఇది. 1887లో ఏర్పడిన న్యూబెరీ గ్రంథాలయంలో పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా రీడర్ కార్డు తీసుకుని శతాబ్దాల నాటి పుస్తకాలను ఉచితంగా చూడొచ్చు.

ఖర్చు సంగతి మాట్లాడాలి, ఎందుకంటే అద్దె, చదువు అప్పు కట్టుకుంటున్న కుర్రాడికి అదే మొదటి అడ్డంకి. 2013 నుంచి ప్రతి ఫిబ్రవరిలో చికాగో థియేటర్ వీక్ జరుగుతోంది. ఆ రోజుల్లో టికెట్లు 15, 30 డాలర్లకు, కొన్ని అంతకన్నా తక్కువకు దొరుకుతాయి. మిగతా ఏడాదంతా హాట్ టిక్స్‌లో చాలా నాటకాలకు సగం ధర టికెట్లుంటాయి. ప్రేక్షకులను కుర్చీల దగ్గరికి చేర్చే స్వచ్ఛంద సేవ చేస్తే నాటకం ఉచితంగా చూడనిచ్చే శాలలు కూడా ఉన్నాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు అలాంటి సేవకు ఒప్పుకునే ముందు తమ యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగడం మంచిది.

రెండో అడ్డంకి భాష. రంగస్థలం మీది ఇంగ్లిషు వేగం, యాస మొదట్లో చెవికి ఎక్కవు. నాటకం కథో, దొరికితే నాటకమో ముందే చదివి వెళితే సగం భారం తగ్గుతుంది. ప్రదర్శన తర్వాత ప్రేక్షకులతో చర్చ పెట్టే శాలలు చాలా ఉన్నాయి, అక్కడ కూర్చుంటే మిగతా సగం కూడా. దూరం మూడోది. అరోరా, నేపర్‌విల్ నుంచి రైలెక్కితే యూనియన్ స్టేషన్, అక్కడి నుంచి గుడ్‌మన్‌కు నడిచి వెళ్లొచ్చు. నగరం దాకా వెళ్లలేనివాళ్లకు అరోరాలోనే ఫాక్స్ నది మధ్య లంకలో 1931లో కట్టిన పారమౌంట్ ఉంది. అందులో 1,800కు పైగా కుర్చీలు. ఆ ఊళ్లోని బాలాజీ గుడికి వారం వారం వెళ్లే కుటుంబాలకు ఆ దారి కొత్తదేమీ కాదు.

మరి మన తెలుగు సంఘం వేదిక మీద జరిగేదేమిటి? ఉగాదికీ దీపావళికీ నృత్యాల మధ్య పది నిమిషాల హాస్య నాటిక. దాని కోసం రాత్రుళ్లు బేస్‌మెంట్లలో రిహార్సల్ చేసే వాలంటీర్ల శ్రమ గొప్పది. కానీ రెండు గంటల నాటకాన్ని నిశ్శబ్దంగా చూసే ప్రేక్షకులు తయారైతేనే రెండు గంటల తెలుగు నాటకం ఆడగలం. ఆ ప్రేక్షకులు ఊరి నాటకశాలల్లో తయారవుతారు. వలస మూలాల నాటకానికి ఇక్కడ చోటుందని ఇప్పటికే తేలింది: జమీల్ ఖూరీ, మాలిక్ గిలానీ 2002లో ఇదే నగరంలో సిల్క్ రోడ్ సంస్థను పెట్టి ఆసియా, మధ్యప్రాచ్య మూలాల రచయితల నాటకాలు ఆడారు. మన ‘కన్యాశుల్కం’కు వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లిషు అనువాదం 2007 నుంచి అందుబాటులో ఉంది. ప్రచురణకర్తల అనుమతి తీసుకుని, ఒక స్థానిక కాలేజీ నాటక విభాగంతో కలిసి కొన్ని రంగాలు ఇంగ్లిషులో, కొన్ని తెలుగులో చదివి వినిపించవచ్చు. తర్వాత ఇంగ్లిషు సబ్‌టైటిళ్లతో పూర్తి తెలుగు ప్రదర్శన. అది మన పిల్లలకూ, వాళ్ల అమెరికన్ సహోద్యోగులకూ గురజాడను పరిచయం చేస్తుంది.

ముందుగా చేయాల్సింది మాత్రం చిన్న పని. వచ్చే ఫిబ్రవరి థియేటర్ వీక్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శనకు అందరూ కలిసి వెళ్లేలా సంఘం ఏర్పాటు చేయాలి. గత రెండు మూడేళ్లలో పట్టా అందుకున్నవాళ్లు, ఈ ఏడాది అందుకోబోయేవాళ్లు తమ పేర్లు, తాము ఉండే ఊరు సంఘం సాంస్కృతిక విభాగానికి తెలియజేయాలి. కారున్నవాళ్లు ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో కూడా రాస్తే, కారు లేని విద్యార్థులను తీసుకెళ్లడం సులువవుతుంది.