మరమ్మతు మరచిన కణం

భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఉక్కు నగరంలోని రిసాలిలోనూ, చుట్టుపక్కల సెక్టార్లలోనూ ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. కొలిమి లోపలి ఇటుక నిత్యమూ అరుగుతుందనీ, సకాలంలో బాగుచేయకపోతే బయటి ఉక్కు తొడుగుకే ముప్పనీ అక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు.

మానవ దేహంలోని ప్రతి కణంలోనూ ఇటువంటి మరమ్మతు వ్యవస్థ కలదు. వంశ లక్షణాలను మోసే డి.ఎన్.ఏ.కు ప్రతిదినమూ వేల సంఖ్యలో గాయాలు తగులుతుంటాయి. వాటిని కణం ఎట్లా సరిదిద్దుకొంటుందో విశదీకరించినందుకే తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

ఆ మరమ్మతు కుంటుపడితే ఏమవుతుంది? వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము కాన్సర్‌కు మూలమైన జన్యువు ఒకటి 17వ క్రోమోజోము మీద ఉన్నదని 1990లో అమెరికా శాస్త్రజ్ఞురాలు మేరీ-క్లెయిర్ కింగ్ నిరూపించారు. బి.ఆర్.సి.ఏ.-1 అనే ఆ జన్యువు 1994లోనూ, బి.ఆర్.సి.ఏ.-2 మరుసటి ఏడూ శాస్త్రజ్ఞుల చేతికి చిక్కాయి. డి.ఎన్.ఏ. పోగులు రెండూ ఒకేచోట తెగినప్పుడు తప్పు లేకుండా అతికించడంలో ఇవి ముఖ్యపాత్ర వహిస్తాయి. వీటిలో లోపంతో పుట్టిన స్త్రీలలో 80 ఏళ్ల లోపల నూటికి సుమారు 70 మందికి ఈ వ్యాధి రాగలదని 2017లో ఒక విస్తృత పరిశీలన తేల్చింది.

అయితే కీడులోనే మేలు కూడా దాగి ఉన్నది. మరమ్మతు చేతకాని కాన్సర్ కణం, డి.ఎన్.ఏ.ను దెబ్బతీసే మందుకు తట్టుకోలేదు. బ్రిటన్‌లో 376 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ముదిరిన వ్యాధితో ఉండి, పుట్టుకతోనే ఈ జన్యులోపం కలవారిలో కార్బోప్లాటిన్‌కు నూటికి 68 మంది కణితులు లొంగగా, డోసిటాక్సెల్‌కు 33 మందివే లొంగాయి.

జన్యువు చెక్కుచెదరకపోయినా, కణం దానిని చదవడం తగ్గించుకోవచ్చు. జన్యు వ్యక్తీకరణ తగ్గడమంటే ఇదే. అటువంటి కణితులు కూడా కార్బోప్లాటిన్‌కే ఎక్కువగా లొంగుతాయని ఆశించారు. ఆ ఆశ ఫలించలేదు. వారికి అదనపు లాభమేదీ కానరాలేదు. మూసిన తలుపు మళ్లీ తెరచుకోగలదు. విరిగిన తలుపు అంత సులభంగా నిలబడదు. కనుక జన్యువు మౌనంగా ఉన్నదా, విరిగినదా అన్న భేదం రోగికి ప్రాణప్రదమైనది.

విరిగిన జన్యువు కలవారికి మరొక ఆసరా ఓలాపారిబ్ అనే మాత్ర. మిగిలిన మరమ్మతు మార్గాన్నీ అడ్డగించి కాన్సర్ కణాన్ని నిస్సహాయం చేయడం దీని పని. వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ప్రారంభ చికిత్స తరువాత ఒక ఏడాది ఈ మందు ఇవ్వగా, మూడేళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవారు నూటికి 85.9 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారిలో 77.1 మంది. ఇది 2021 నాటి ఫలితం.

మన ఇళ్లలో ఒక అపోహ కలదు. తల్లికి లేని జబ్బు కూతురికి రాదని ధైర్యపడతారు. మేనత్తకు వచ్చిన వ్యాధిని మరో ఇంటి సంగతిగా ఎంచుతారు. పెళ్లితో ఆమె ఇంటిపేరు మారవచ్చు గాని జన్యువు మారదు. లోపం తండ్రి నుండి కూడా సంక్రమిస్తుంది. ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, అది వచ్చే అవకాశం సగానికి సగం. అట్లాగని వంశంలో ఎవరికీ లేదు గదా అని నిశ్చింతగా ఉండరాదు. రొమ్ము కాన్సర్ వచ్చిన వారిలో అత్యధికులకు ఈ జన్యులోపం ఉండదు.

రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచక వైద్యునికి చూపాలి. ఆయన వంశచరిత్ర అడిగినప్పుడు పుట్టింటివారిలో తల్లివైపు వారినీ, తండ్రివైపు వారినీ పేరుపేరునా తలచుకొని చెప్పాలి. చికిత్సకు దారి చూపేది ఒక్కొక్కప్పుడు ఆ మరచిపోయిన మేనత్త పేరే.