వేడి కెమెరా చూపిస్తుంది.. కారణం మీరే చెప్పాలి

ఫోన్‌కు తగిలించే థర్మల్ కెమెరాతో లూజ్ కనెక్షన్, బోర్డుపై షార్టయిన కెపాసిటర్, గోడలో చెమ్మ వంటివి ఉష్ణోగ్రత తేడాలను బట్టి పట్టేయొచ్చు. అలాగని రంగుల బొమ్మ చూసి తీర్పు చెప్పేయకండి. మెరిసే అల్యూమినియం హీట్‌సింక్ కాలిపోతున్నా చల్లగానే కనిపించొచ్చు. అది తన వేడిని తక్కువగా వెదజల్లి, చుట్టుపక్కల వేడిని అద్దంలా ప్రతిఫలిస్తుంది మరి. కరెంటు ఆపి, దానిపై నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించండి. మళ్లీ ఆన్ చేసి కాసేపాగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో 'కెమెరా వాడటం వచ్చు' అంటే చాలదు. తక్కువ వోల్టేజీతో నడిచే పాత బోర్డులు నాలుగు తీసుకోండి. ఎక్కడ వేడెక్కింది, ఎంత లోడ్‌లో, ఎందుకు.. మల్టీమీటర్‌తో సరిచూసుకుని ఒక్కోదానికి ఒక పేజీ రిపోర్టు రాయండి. కెమెరా డబ్బుంటే ఎవరైనా కొంటారు. ఆ నాలుగు పేజీలు మాత్రం మీవే.