సొంతూరు అడగని చదువు

"మీ సొంతూరు ఏది?" కొత్త విద్యాలయంలో చేరిన ప్రతిసారీ మనల్ని మొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పడం అంత తేలిక కాదు. పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దింది ఇంకోచోట, ఇప్పుడు చదువుతున్నది మరోచోట. బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే నాన్నగారు అట్టపెట్టెలు వెతుకుతారు, అమ్మ గ్యాస్ కాగితాలు వెతుకుతుంది, మనం టీసీ కోసం ఆఫీసు ముందు నిలబడతాం.

పన్నెండో తరగతి దగ్గరపడే కొద్దీ ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. రాష్ట్రాల కాలేజీల్లో చాలా సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. అది తప్పని మేము అనడం లేదు. ఆ ప్రాంతం పిల్లలకు అది అవసరమే. కానీ ఏ ఊళ్లోనూ మూడు నాలుగేళ్లు నిలవని మనం ఎక్కడి స్థానికులం? అందుకే మన ఇళ్లలో జేఈఈ, నీట్, ఆ తర్వాత ఉద్యోగం అన్న మాటలే వినిపిస్తాయి. పీహెచ్‌డీ అన్న మాట ఎవరైనా ఎత్తితే "ఇంకా ఎన్నేళ్లు చదువుతావు? సంపాదించేది ఎప్పుడు?" అంటారు. ఆ మాటను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది మా అభిప్రాయం.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థనే చూద్దాం. అందరూ ఐఐఎస్సీ అంటారు. జమ్‌షెట్‌జీ టాటా సంకల్పంతో 1909లో ఏర్పడింది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల నుంచి విమానాల ఇంజనీరింగ్ దాకా అక్కడ పరిశోధన జరుగుతుంది. ఇంజనీరింగ్ డిగ్రీ గానీ, సైన్సులో ఎమ్మెస్సీ గానీ చేసి, గేట్ లేదా నెట్ జేఆర్ఎఫ్ వంటి పరీక్షలో అర్హత సంపాదిస్తే పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు ప్రయత్నించవచ్చు. బీఎస్సీ తర్వాత 'జామ్' పరీక్ష రాసి చేరే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ కూడా ఉంది. వీటిలో ఏ రాష్ట్రంలో ఎన్నేళ్లు చదివావన్న లెక్క లేదు.

ఇక సంపాదన మాట. పీహెచ్‌డీ అంటే ముప్పై ఏళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల మీద ఆధారపడటం అనుకుంటారు. అది నిజం కాదు. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం జేఆర్ఎఫ్ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పని సంతృప్తికరంగా ఉంటే ఆ తర్వాత 42,000. పెద్ద కంపెనీ ప్యాకేజీతో పోల్చలేం గానీ, ఒక మనిషి ఎవరినీ చెయ్యి చాచకుండా బతకవచ్చు.

సర్ సి.వి.రామన్‌కు ఈ వసతి లేదు. ఆయన కథ మన కథకు చాలా దగ్గర. తండ్రి ఉద్యోగం వల్ల ఆయన బడి చదువు విశాఖపట్నంలో సాగింది. ఆ రోజుల్లో మన దేశంలో పరిశోధనే బతుకుతెరువుగా దొరకడం అరుదు. అందుకని 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరారు. తర్వాత రంగూన్‌కు బదిలీ, అక్కడి నుంచి నాగపూర్‌కు, 1911లో మళ్లీ కలకత్తాకు! ఆఫీసు వేళలకు ముందూ వెనకా ప్రయోగశాలలో గడిపేవారు. 1917లో, జీతం తగ్గుతుందని తెలిసీ, సర్కారు కొలువు వదిలి ఆచార్యులయ్యారు. 1928లో రామన్ ప్రభావం కనుగొన్నారు, 1930లో నోబెల్ అందుకున్నారు, 1933లో ఐఐఎస్సీకి తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు.

అదే ఏడాది కమలా సోహోనీ అనే విద్యార్థిని ఐఐఎస్సీలో పరిశోధనకు దరఖాస్తు చేస్తే, ఆడపిల్ల అన్న కారణంతో రామనే కాదన్నారు. ఆమె పట్టు విడవలేదు. ఏడాది పాటు చూస్తామన్న షరతు మీద చేరి, తన పనితోనే ఒప్పించారు. 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ పొందారు. "పీహెచ్‌డీ చేస్తే పెళ్లెప్పుడు?" అన్న మాట వినే అక్కలందరూ ఆమె పేరు గుర్తు పెట్టుకోవాలి.

అయితే మనలో ఒక లోపం ఉంది. అది ఒప్పుకోవాలి. సగంలో వదిలేయడం మనకు అలవాటైపోయింది. క్వార్టర్స్ వెనక నాటిన మొక్క కాయ కాయకముందే ఊరు మారతాం. తరగతి గోడ మీద మొదలుపెట్టిన వర్షపాతం పట్టిక ఎవరు పూర్తి చేశారో మనకు తెలియదు. పరిశోధనకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే ప్రశ్నతో నాలుగైదేళ్లు ఉండాలి. చేసిన ప్రయోగం పదిసార్లు చెడిపోయినా పదకొండోసారి మొదలుపెట్టాలి. మనలో చాలామందికి జీవితంలో ఒకేచోట అన్నేళ్లు ఉండటం అదే మొదటిసారి అవుతుంది!

ఊరు మారినా ప్రశ్న మారకుండా చూసుకోవడం ఇప్పటి నుంచే నేర్చుకోవచ్చు. కొత్త ఊరు రాగానే అమ్మ అనే మాట ఒకటుంది: "ఈ నీళ్లకు పప్పు ఉడకడం లేదు, సబ్బు నురగ రావడం లేదు." ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండటమే కారణమని పుస్తకంలో చదివాం. ఒకే సబ్బు, ఒకే సీసా, ఒకే కొలతతో ప్రతి ఊళ్లో పరీక్షించి నోటుబుక్కులో రాసుకుంటే, ఒకే ఊళ్లో పెరిగిన పిల్లల దగ్గర లేని పట్టిక మన దగ్గర ఉంటుంది. నీటి మీద పరిశోధనకు ఐఐఎస్సీలో ఒక ప్రత్యేక కేంద్రమే ఉంది.

అందరూ పీహెచ్‌డీ చేయాలని మేము అనడం లేదు. ఆ దారి ఉందని తెలియక వదులుకోకూడదు, అంతే. పెద్దలకు మా మనవి ఒక్కటే: ఈసారి ఇల్లు మారేటప్పుడు పాత కాగితాల కట్టలో మా నోటుబుక్కు కనిపిస్తే, తూకానికి వేయకండి. అది కూడా మాతో రావాలి.