తొట్లకొండపై రోమను నాణెం

మోప్కా నుండి బిలాస్‌పూర్ చేరి, అక్కడినుండి రైలులో విశాఖపట్నం వచ్చే తెలుగు కుటుంబాలు రుషికొండ తీరాన్ని తప్పక చూస్తాయి. భీమిలి దారిలో మరికొంత ముందుకు సాగితే, రోమను సామ్రాజ్యపు జాడ ఒకటి కొండమీద కనిపిస్తుంది.

అది తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్లే దానికా పేరు తెచ్చాయి. 1988-1993 నడుమ రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన త్రవ్వకాలలో మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, భోజనశాల వెలుగుచూశాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలూ లభించాయి.

వెండి బంగారాలు ముట్టరాదన్నది భిక్షువుల నియమం. మరి ఈ నాణేలు ఆరామానికి ఎలా చేరాయి? కొండ దిగువనున్న సముద్రాన్ని చూస్తే సమాధానం స్ఫురిస్తుంది. క్రీస్తుశకం ఒకటవ శతాబ్దపు గ్రీకు నావికుడొకడు తూర్పుతీరంలోని ‘మసాలియా’ సన్నని వస్త్రాలను పేర్కొన్నాడు. అటువంటి సరకులకై వచ్చిన రోమను ధనం చేతులు మారి, ఏ వర్తకుని దానంగానో కొండ ఎక్కి ఉండాలి.

సముద్రం వల్ల వర్ధిల్లిన ఈ చోటికి తీరపు వానలే ముప్పు. 2019 అక్టోబరు వర్షాలకు మహాస్తూపం కూలగా, తిరిగి నిర్మించవలసి వచ్చింది. చూడదలచినవారు సాయంవేళ వెళ్ళడం మేలు. ఇటుకనైనా కదపకుండా తిరిగి రావడం అంతకంటె మేలు.