ఏంజెల్ ఇన్వెస్టర్ల ట్రైనింగుల మన చెల్క కూడా ఉండాలె

ఇయ్యాల పత్తి రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. ఏంజెల్ ఇన్వెస్టర్లు అనేటోళ్ల గురించి. మనకేం సంబంధం అని దాటేయకండి, జర ఓపికగా చదవండి.

ఒక పిల్లగాడి దగ్గర కొత్త ఆలోచన ఉంటది, చేతిల పైసలుండవు. ఇంకా అమ్మకాలు లేవు కాబట్టి బ్యాంకు అప్పు ఇయ్యదు. అప్పుడు ఓ డాక్టరో, సాఫ్ట్‌వేర్‌ల సంపాదించినాయనో తన సొంత పైసలు పెట్టి ఆ కంపెనీల వాటా తీసుకుంటడు. ఆయననే ఏంజెల్ ఇన్వెస్టర్ అంటరు. వడ్డీ లేదు, తాకట్టు లేదు. కంపెనీ పెరిగితే వాటా విలువ పెరుగుతది, మునిగితే పెట్టిందంతా పోతది. హైదరాబాద్‌ల 2015ల టీ-హబ్ పెట్టినప్పటి నుంచి ఈ మాట మన దగ్గర ఎక్కువ వినపడుతున్నది. కొత్తగా పైసలు పెట్టేటోళ్లకు ట్రైనింగులు కూడా ఇస్తున్నరు.

ట్రైనింగు మంచిదే, నేను కాదనను. అమెరికాల 2007ల రాబర్ట్ విల్ట్‌బ్యాంక్ అనే ప్రొఫెసరు, ఇంకొకాయన కలిసి 539 మంది ఏంజెల్స్ లెక్కలు తీసిండ్రు. మొత్తం 1,137 పెట్టుబడుల కథ అది. నూటికి 52 పెట్టుబడులల్ల అసలు కూడా పూర్తిగా తిరిగి రాలేదు. నూటికి 7 మాత్రం పదింతలకు పైన ఇచ్చినయ్, మొత్తం రాబడిల ముప్పావు వంతు వాటి నుంచే వచ్చింది. మిర్చి పెట్టేటోళ్లకు ఈ లెక్క కొత్తేం కాదు, ఒక్క ఏడాది రేటే మిగతా ఏండ్ల అప్పు తీర్చాలె. అందుకే ట్రైనింగుల మొదటి పాఠం ఏందంటే, ఉన్నదంతా ఒక్కదాంట్ల పెట్టకు, పది పదిహేను కంపెనీలల్ల కొంచెం కొంచెం పెట్టు, పోయినా ఇల్లు గడిచే పైసలే పెట్టు అని.

అదే లెక్కల ఇంకో రెండు సంగతులున్నయ్. పెట్టే ముందు కంపెనీని 20 గంటలకు మించి తరచి చూసినోళ్లకు సగటున 5.9 రెట్లు వచ్చింది. అంతకన్నా తక్కువ చూసినోళ్లకు 1.1 రెట్లే. తమకు తెలిసిన రంగంల పెట్టినోళ్లకు, తెలియని దాంట్ల పెట్టినోళ్లకన్నా రెండింతలు వచ్చింది.

మరి ఎవుసం మీద పనిచేసే కంపెనీలల్ల పైసలు పెట్టే పట్నపోళ్లల్ల ఎవుసం తెలిసినోళ్లు ఎందరు? ఏసీ గదిల కూసొని 20 గంటలు లాప్‌టాప్ చూస్తే మన పని తెలుస్తదా? జూన్‌ల పెట్టిన పత్తి ఏరేసరికి దసరా దాటుతది. ఎవుసం కంపెనీని గంటలల్ల కాదు, కనీసం ఒక పంటకాలం చూడాలె.

ఒక్క ముచ్చట చెప్తా. ఒక యాప్ వస్తది, నెలకు ఇంత కట్టాలె అంటది. నెల జీతగాడికి అది సులువు. మన చేతికి పైసలు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తయ్, అది కూడా మందుల దుకాణంల ఉద్దెర కట్టినంక మిగిలితేనే. మందుల దుకాణపాయన పంట వచ్చేదాకా ఆగుతడు, మిత్తి ఏస్తడు గాని ఆగుతడు. యాప్ ఆగదు. ఆ సంగతి తెలియకుండ "లక్ష మంది రైతులు మా యాప్ పెట్టుకున్నరు" అని చూపించిన బొమ్మలు చూసి చెక్కు రాస్తే ఆ పైసలు పోయినట్టే. ఫోన్ల పెట్టుకున్నోళ్లు వేరు, పైసలిచ్చి రెండో ఏడు కూడా వాడినోళ్లు వేరు. ఆ ప్రశ్న అడగాలని మనం చెప్పాలె. బాయి కాడ సిగ్నల్ ఉంటదా, బురదల పెట్టె ఖరాబైతే ఎవరొస్తరు, కౌలు రైతు దాన్ని కొనగలడా, ఇవన్నీ మన నోటి నుంచి రావల్సిన ప్రశ్నలు.

ఇగ అసలు బాధ. మా ఊరికి ఒక కంపెనీ పిల్లలు వచ్చి నా మిర్చి చెల్కల తేమ చూసే పెట్టెలు పాతిండ్రు. అది చెప్పినట్టే నీళ్లు పెట్టాలన్నరు. ఎలుకలు వైర్లు కొరికినయ్, పెట్టె తప్పు చూపించింది, సగం మడి ఎండింది. తర్వాత కంపెనీ మూతపడ్డది, పెట్టెలు ఇప్పటికీ మా కొట్టంల ఉన్నయ్. పైసలు పెట్టినోళ్లకు పదింట్ల ఒకటి పోయింది, వాళ్లు దానికి ముందే తయారై ఉన్నరు. నాకు పదెకరాలు లేవు పంచి పెట్టనీకి. ట్రయల్ కోసం ఇచ్చిన ఎకరం కూడా పెట్టుబడే. అందరికన్నా ముందు పెట్టేది మనం, వాటా లేకుండ పెట్టేది మనమే.

అట్లని కొత్త కంపెనీలన్నీ మోసమని నేను అనను. హైదరాబాద్‌ల మొదలైన ఖేతి వాళ్లు చిన్న రైతుకు సరిపోయేటట్టు నెట్ షెడ్డు తయారు చేసిండ్రు, 2022ల ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. పైసలు తప్పుడు చోటికి పోతే ఇసొంటి మంచిది ఆకలితో చస్తది. ఉన్నోళ్ల పైసలు పోతే మనకేందని కొందరంటరు, అందుకే నేను ఒప్పుకోను.

మనమే ఏంజెల్స్ కావచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగిండు. 2025 సెప్టెంబరుల సెబీ నియమాలు మార్చింది. ఏంజెల్ ఫండ్లల్ల కొత్తగా చేరాలంటే అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ అనిపించుకోవాలె. ఏడాదికి 2 కోట్ల ఆదాయమో, లేకపోతే 7.5 కోట్ల ఆస్తి ఉండి అందుల సగమన్న షేర్లు, డిపాజిట్ల లెక్కనో ఉండాలె, ఇసొంటి షరతులు. రోడ్డు పక్క భూమి ఎంత ధర పలికినా ఆ సగంల లెక్కకు రాదు. ఇంకోటి, ప్రైవేటు కంపెనీ వాటాలు అమ్ముతామని జనానికి ప్రకటన ఇయ్యొద్దని కంపెనీల చట్టంలనే ఉంది. భూమి పరిహారం వచ్చినోళ్లకు వాట్సాప్‌ల "స్టార్టప్ వాటా" అని వస్తే దూరం ఉండండి.

రాజేంద్రనగర్‌ల నార్మ్ వాళ్ల ఎ-ఐడియా ఉంది, పటాన్‌చెరు ఇక్రిశాట్‌ల 2003 నుంచి కంపెనీలను పెంచే కేంద్రం ఉంది. ఇసొంటి చోట్ల పైసలు పెట్టేటోళ్లను పిలిచినప్పుడు ఇద్దరు రైతులను కూడా ముందట కూసోబెట్టండి, మిగతా సార్లకు ఇచ్చినట్టే వాళ్లకూ ఫీజు ఇయ్యండి. పెట్టుబడి కాగితాలల్ల ఒక లైను రాయించండి: ట్రయల్ పొలంల పంట నష్టమైతే కంపెనీ ఎంత కడతది, ఎన్ని రోజులల్ల కడతది అని.

మన వైపు నుంచి కూడా ఒక పని. ఈ వానకాలం ట్రయల్ అని ఎవరన్న వస్తే అదే లైను కాగితం మీద సంతకంతో అడగండి. ఇచ్చినోళ్ల పేరు, ఇయ్యనోళ్లు చెప్పిన సాకు, రెండూ నాకు రాసి పంపండి.