వంటయింటి గోడమీది వ్రాత



అట్లాంటా నగరమందలి మా చెల్లెలి యింటికి పోయినపుడు, ఒకనాడు అచ్చటికి నైరృతిదిశగా నున్న వార్మ్ స్ప్రింగ్స్ అను చిన్న యూరికి పోయితిమి. అమెరికా అధ్యక్షుడుగా నుండిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుగారి విశ్రాంతిగృహ మచ్చట గలదు. దానిని 'చిన్న శ్వేతభవన'మందురు. 1948 నుండి అది ప్రదర్శనశాలగా నున్నది.

అధ్యక్షుని విడిది యనగా నేనేదో మయసభ నూహించుకొంటిని. చూడబోగా ఆరుగదుల కొయ్యయిల్లు! మా యూరి కరణముగారి పాతయిల్లు దీనికంటె పెద్దది.

1921లో పోలియో యని వైద్యులు నిర్ణయించిన వ్యాధిచే ఆయన కాళ్లు పడిపోయెను. ఇచ్చటి నీరు భూమినుండియే 88 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనముతో నుబుకును. ఆ నీట మునిగిన కాళ్లకు బలము వచ్చునని విని 1924లో వచ్చెను. కాళ్లు బాగుపడలేదు. అయినను 1926లో ఆ స్థలమును కొని, మరుసటియేడు తనవంటి రోగులకొక వైద్యసంస్థను నెలకొల్పెను. 1932లో ఈ యిల్లు కట్టించుకొనెను. సామాన్యమైన కుర్చీకి చక్రములు బిగించి అందు తిరుగుచుండెడివారట.

1945 ఏప్రిల్ 12న, చిత్రకారిణి యొకతె తన రూపమును చిత్రించుచుండగా, తలనొప్పి యని ఒరిగిపోయి ఆ మధ్యాహ్నమే మరణించెను. భార్య ఎలినార్ అప్పుడు వాషింగ్టనులో నుండెను. ఆ అసంపూర్ణచిత్రము నిప్పటికిని చూపుదురు. వచ్చినవారందరు దానియెదుటనే గుమిగూడుదురు.

నేను మాత్రము వంటయింట నిలిచిపోతిని. వంటచేసిన డైసీ బానర్ నల్లజాతి స్త్రీ. ఈ యింట అధ్యక్షునికి మొదటి భోజనమును, కడపటి భోజనమును వండినది తానే యని ఆమె పెన్సిలుతో గోడమీద వ్రాసినది. ఆ వ్రాతను చెరుపక కాపాడినారు.

ఆమె చేతి 'కంట్రీ కాప్టెన్' అధ్యక్షునికి మిక్కిలి ప్రీతియట. కోడిమాంసమున కూరపొడి వేసి చేయు వంటకమది. మన దేశపు మసాలావాసన ఓడలవెంట అచ్చటి కేగినదందురు. నేను శాకాహారిని గనుక రుచి చెప్పజాలను.

కాని ఒక్కమాట గొంతులో ముల్లైనది. ఆ కాలమున అచ్చటి వైద్యము తెల్లవారికి మాత్రమే. డైసీ జాతి పిల్లలకు కాళ్లు పడిపోయినచో, ఆమె యెంత కమ్మగా వండినను, ఆ కొలనులో దిగుటకు వీలులేదు. వారికి వేరుగా టస్కీగీలో వైద్యశాల తెరచినది 1941లో మాత్రమే. గోడమీది ఆ పంక్తిలో గర్వమే గలదో, మరేమైన గలదో నేనెంత చూచినను తేలలేదు.

"అక్కా, చిత్రపటము చూడవా? ఇచ్చటనే యుంటివేమి?" అని చెల్లెలు పిలిచినది.

నాకు మా అత్తగారు తలపునకు వచ్చిరి. పాలలెక్కకు ఆమె బొగ్గుతో వంటయింటి గోడపై గీతలు గీచుచుండెడివారు. ఆమె పోయిన మరుసటి సంక్రాంతికి నేనే నిలుచుండి దానిపై సున్నము కొట్టించితిని.